స్విచ్చికీ హెడ్‌లైట్‌కూ మధ్య ఒక టక్కు

పాత అంబాసిడర్‌లో రాత్రిపూట కోరుట్ల నుంచి జగిత్యాల దాకా వచ్చినవాళ్లకు ఆ పసుప్పచ్చ వెలుతురు గుర్తుండే ఉంటుంది. ఎదురుగా లారీ వచ్చిందంటే మన లైట్లు వెలుగుతున్నాయో లేదో మనకే అనుమానం. బల్బు మార్చినా అంతే, కొత్త బ్యాటరీ వేసినా అంతే. మొండికేసి వంద వాట్ల బల్బు పెట్టిస్తే స్విచ్చి దగ్గర కాలిన వాసన.

తప్పు బల్బుది కాదు, దారిది. బ్యాటరీ బానెట్ కింద ఉంటుంది, హెడ్‌లైట్లూ ఆ పక్కనే. కరెంటు మాత్రం లోపల డ్యాష్‌బోర్డు దాకా పోయి, లైటు స్విచ్చి, డిప్పర్ స్విచ్చి దాటుకుని మళ్లీ ముందుకు రావాలి. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ 6 మీటర్లుంటే దాని నిరోధం సుమారు 0.1 ఓమ్. చిలుము పట్టిన జాయింట్లు, అరిగిన కాంటాక్టులు కలిపి ఇంకో 0.1 అనుకుందాం. రెండు 60 వాట్ల హాలోజన్ బల్బులు 10 ఆంపియర్లు లాగుతాయి. అంటే 2 వోల్టులు దారిలోనే హరీ! రెండే కదా అని తీసిపారేయడానికి లేదు. ఫిలమెంట్ వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని 3.4వ ఘాతం లెక్కన పడిపోతుంది. 12 అందాల్సిన చోట 10 అందితే వెలుతురు దాదాపు సగమే. వడ్ల బస్తాల పక్కన షెడ్డులో ఏళ్ల తరబడి నిలబెట్టిన బండి అయితే ఎలుకలు కొరికిన వైర్లు, వాటి మీద చుట్టిన టేపు అదనం.

మొత్తం వైరింగ్ పీకి లావు తీగ వేయొచ్చు, కాదనను. కానీ స్విచ్చి? దానిలో ఒక్క వోల్టు పోయినా 10 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. అసలు ఆ 10 ఆంపియర్లు స్విచ్చి దాకా పోవాల్సిన అవసరమేముంది? హుకుం ఒక దారిన, పని ఇంకో దారిన పోతే చాలదా?

ఈ ఆలోచన కారు కంటే పాతది. 1830లలో అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే పంతులు దీన్ని పట్టుకున్నాడు. అంతకుముందు విలియం స్టర్జన్ చేసిన విద్యుదయస్కాంతంలో ఉత్త రాగి తీగ. చుట్టు చుట్టుకు తగలకూడదు కాబట్టి ఎడంగా ఒక్క వరుసే చుట్టాలి. హెన్రీ తీగకు పట్టుదారం తొడిగాడు. సిరిసిల్ల లాంటి నేత ఊళ్లో ఈ సంగతి నేను కొంచెం గొంతు పెంచే చెబుతాను. దారం అడ్డుపడేసరికి వరుస మీద వరుస చుట్టే వీలు దొరికింది, అయస్కాంతం బలం ఎక్కడికో పోయింది. 1831లో ఆయన చేసిన ఒకటి 2,000 పౌండ్లకు పైగా మోసింది.

తీగ పొడుగైతే కరెంటు నీరసిస్తుంది. ఆ నీరసపు కరెంటు బరువు ఎత్తలేదు గానీ, సన్నతీగ చుట్లు వందలకొద్దీ ఉన్న చిన్న అయస్కాంతాన్ని పనిచేయించగలదు. ఆ చిన్నది తన లాగుడుతో, పక్కనే సొంత బ్యాటరీ ఉన్న పెద్ద అయస్కాంతం సర్క్యూటును తెంపుతుంది. ప్రిన్స్‌టన్ తరగతి గదిలో హెన్రీ అలా తెంపితే వేలాడుతున్న బరువులు ధడేలుమని కిందపడేవి. అదే రిలే.

పేటెంటు మాత్రం తీసుకోలేదు. తీగ మీద దూరానికి కబురు పంపే టెలిగ్రాఫ్‌కు ఈ ఆలోచనే ఆధారమైనా, దాని పేరూ డబ్బూ శామ్యూల్ మోర్స్‌కు వెళ్లాయి. మోర్స్ అయస్కాంతం మొదట్లో దూరం నుంచి సరిగా పనిచేయకపోతే, హెన్రీ వ్యాసం చదివిన లియొనార్డ్ గేల్ వచ్చి చుట్లు పెంచమన్నాడు. తర్వాత హెన్రీకి తానేమీ రుణపడి లేనని మోర్స్ వాదించాడు. 1854లో అమెరికా సుప్రీంకోర్టు మోర్స్ హక్కుల్ని చాలామటుకు నిలబెట్టింది. నా ఓటు మాత్రం హెన్రీకే.

ఒక కారు రిలే మూత ఊడదీసి చూడండి. సన్నటి రాగి చుట్ట, మధ్యలో ఇనుప కడ్డీ, దాని నెత్తిన స్ప్రింగు పట్టి ఉంచిన చిన్న రేకు, రేకు కొసన వెండి కలిసిన చుక్క. నాకు బాగా నచ్చేది ఆ రేకు నడక. కడ్డీకీ రేకుకూ మధ్య సందు సగమైతే లాగే బలం దాదాపు నాలుగింతలవుతుంది. కదలడం మొదలైందా, ఇక ఆగదు. దగ్గరవుతున్నకొద్దీ లాగుడు పెరుగుతుంది, టక్కుమని అతుక్కుంటుంది. సగం తగిలీ తగలక నిప్పురవ్వలు కొట్టే బాధ తక్కువ. అతుక్కున్నాక సందు ఉండదు కనుక, వోల్టేజీ బాగా పడిపోయేదాకా వదలదు.

సిరిసిల్లలో దీన్ని విప్పి చూపిస్తుంటే ఒక పిల్లవాడు, "మా బాయికాడి స్టార్టర్ గూడ గిట్లనే టక్కుమంటది సార్" అన్నాడు. ఉన్నమాటే. పచ్చ బటన్ నొక్కితే లోపల పట్టుకునే నోవోల్ట్ కాయిల్‌ది ఇదే వంశం.

ఆ తర్వాత రిలే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను నడిపింది. 1941లో బెర్లిన్‌లో కోన్రాడ్ జూసే రెండు వేలకు పైగా రిలేలతో కంప్యూటరే కట్టాడు. ఇప్పటి కార్లలో చాలాచోట్ల చప్పుడు చేయని ట్రాన్సిస్టర్లు దాని పని లాగేసుకున్నాయి.

పాత బండికి ఇప్పటికీ ఇదే మందు. బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు, అక్కడి నుంచి లావు తీగ రిలే మీద 30 అని ఉన్న కాలుకు, 87 నుంచి హెడ్‌లైట్లకు. డిమ్ముకొక రిలే, బ్రైటుకొకటి. పాత హెడ్‌లైట్ వైరు 86కు, బాడీ ఎర్త్ 85కు. రంగు గోకి మరీ బిగించాలి. కాయిల్ లాగేది 0.15 ఆంపియరే కాబట్టి ఆ పాత దారిలో పోయేది 0.03 వోల్టు.

కాయిల్ ఆపినప్పుడు ఒక ఎదురుదెబ్బ కొడుతుంది. ఆ గుణాన్ని కొలిచే ప్రమాణం పేరే హెన్రీ. దెబ్బను మింగడానికి కొన్ని రిలేలలో డయోడ్ పెడతారు. అలాంటిదైతే 85, 86 తారుమారు కాకూడదు. బ్యాటరీ ప్లస్సును బాడీకి కలిపిన డైనమో కాలం బండి మీ దగ్గరుంటే, డయోడ్ లేని రిలే అడిగి తెచ్చుకోండి.