ల్యాబ్ రిపోర్టు చదవడం తెలిసిన వకీలు

నేర విచారణలో ఫోరెన్సిక్ శాస్త్రానికి ఉన్న స్థానం 2024 జూలై 1తో మారింది. ఆ రోజు అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లి ఆనవాళ్లు సేకరించాలి, ఆ పనంతా వీడియో తీయించాలి. దీన్ని అమలుకు తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. అది పూర్తయ్యేసరికి పల్నాడు జిల్లాలోని నరసరావుపేట, గురజాల, మాచర్ల కోర్టులకు వచ్చే హత్య, అత్యాచారం, వరకట్న మరణం కేసుల్లో ల్యాబ్ రిపోర్టు మామూలు కాగితమవుతుంది. దాన్ని చదివి ప్రశ్నించగల వకీళ్లు కూడా అంతే మామూలుగా దొరకాలి.

దొరక్కపోతే ఏమవుతుందో చట్టంలోనే ఉంది. ప్రభుత్వ శాస్త్ర నిపుణుడు బోనెక్కకుండానే అతని రిపోర్టును సాక్ష్యంగా తీసుకోవచ్చని పాత సీఆర్పీసీలోని 293, ఇప్పటి సంహితలోని 329 సెక్షన్ చెబుతుంది. 330 సెక్షన్ ఇంకో అడుగు వేసింది. ఏదో ఒక పక్షం రిపోర్టును వివాదం చేస్తే తప్ప నిపుణుణ్ని కోర్టుకు పిలవకూడదంది. కాలయాపన తగ్గించడానికి ఇది మంచిదే. కానీ ముద్దాయి తరఫు వకీలుకు రిపోర్టులోని లోపం కనబడకపోతే, దాన్ని అడిగేవారు ఇంకెవరూ ఉండరు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి 1979లో మురారిలాల్ కేసులో చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. నిపుణుణ్ని ముందే అనుమానించనక్కర్లేదు, అయితే ఆ అభిప్రాయానికి అతను చూపిన కారణాలను నిశితంగా పరీక్షించాలి. కారణాలు రాయకుండా ఫలితం మాత్రమే రాసిన రిపోర్టు ఎంత బలహీనమో దీన్నిబట్టే తెలుస్తుంది.

పల్నాడులో ఈ చదువు అన్నిటికంటే ముందు అక్కరకొచ్చేది పురుగుమందు కేసుల్లో. పత్తి, మిర్చి పండించే ఊళ్లలో పురుగుమందు డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంటుంది. అది తాగి చనిపోయిన మనిషి విసెరాను, అంటే కడుపు, పేగు, కాలేయం, మూత్రపిండం ముక్కలను, విడివిడి సీసాల్లో చిక్కని ఉప్పునీటిలో ఉంచి ల్యాబ్‌కు పంపాలి. రక్తానికి సోడియం ఫ్లోరైడ్ కలపాలి. వాడిన ఉప్పునీటిని కొంచెం వేరే సీసాలో పంపాలి, ఎందుకంటే విషం ఆ నీటిలోంచి రాలేదని రుజువు కావాలి. ఫార్మలిన్ వేస్తే విషాన్ని గుర్తించడం కష్టమవుతుంది. సీసాల మీది సీలు, వాటికి తోడుగా పంపే లేఖ (లెటర్ ఆఫ్ అడ్వైజ్)తో వెళ్లిన నమూనా సీలుతో సరిపోయిందా, ల్యాబ్‌కు చేరడానికి ఎన్నాళ్లు పట్టింది అన్నవి రిపోర్టు మొదటి పేజీలోనే చూసుకోవచ్చు.

విసెరాలో విషం కనబడలేదన్న రిపోర్టుకు, ఆ మనిషి విషం తాగలేదని అర్థం చెప్పుకోకూడదు. వాంతులయ్యాక, కడుపు కడిగాక, ఆసుపత్రిలో వారం పదిరోజులు వైద్యం జరిగాక శరీరంలో విషం మిగలకపోవచ్చు. అప్పుడు మొదటి ఆసుపత్రిలో కడుపు కడిగిన నీళ్లు, కేస్‌షీటు, ఆర్గానోఫాస్ఫేట్ మందైతే రక్తంలో కోలినెస్టరేజ్ పడిపోయిందని చూపే పరీక్ష ముఖ్య సాక్ష్యాలవుతాయి. ఇది నేరానికే పరిమితమైన సంగతి కాదు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి ప్రభుత్వ సాయం ఇచ్చే ముందు, డివిజన్ స్థాయి కమిటీ పోస్టుమార్టం నివేదికతో పాటు ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్) రిపోర్టునూ అడుగుతుంది. ఆ రిపోర్టు వ్యతిరేకంగా వచ్చిన కుటుంబానికి దారి చూపాల్సింది వకీలే.

నిప్పు, పేలుడు కేసుల్లో ఆనవాళ్లు ఇంకా త్వరగా పోతాయి. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకి వచ్చినవాళ్లు బస్సుకు పెట్రోలు పోసి నిప్పంటించినప్పుడు 23 మంది ఆహుతయ్యారు. ఆ కేసు ప్రధానంగా ప్రాణాలతో బయటపడ్డవారి మాటల మీద నిలబడింది. గాయపడ్డవారి దగ్గర మేజిస్ట్రేటు మరణ వాంగ్మూలాలు తీసుకున్నారు. వాళ్లు బతికారు కాబట్టి అవి మరణ వాంగ్మూలాలు కావని, కోర్టులో వాళ్లు చెప్పిన సాక్ష్యానికి ఊతంగా మాత్రమే పనికొస్తాయని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. 176(3) సెక్షన్ పూర్తిగా అమలైతే అలాంటి చోటుకు ఆనవాళ్లు సేకరించే క్లూస్ టీమ్ వెళ్లి తీరాలి. పెట్రోలు ఆవిరి పోకుండా కాలిన గుడ్డ, మట్టి గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి, మామూలు ప్లాస్టిక్ కవరు చాలదు. నాటుబాంబు కేసులోనైతే పురికొస ముక్కలు, మేకులు, గాజుపెంకులు, మట్టి సేకరించి పంపాలి. పేలుడు పదార్థాల చట్టం కింద విచారణ సాగాలంటే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉందో లేదో కూడా చూడాలి.

డీఎన్ఏ విషయంలో తెలుగు నేలకు పాత అనుబంధం ఉంది. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ 1988లో దేశీయ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని రూపొందించారు. ఎంత గొప్ప పరీక్షయినా నమూనా ఎక్కడ, ఎవరి చేతిలో ఉందో లెక్క తేలకపోతే నిలబడదు. 2022లో ఢిల్లీ కేసు ఒకదానిలో నమూనాలు దాదాపు రెండు వారాలు పోలీసుల దగ్గరే ఉండిపోవడం సుప్రీంకోర్టుకు సందేహం కలిగించింది, మరణశిక్ష పడినవారు విడుదలయ్యారు. 2025 జూలైలో అదే కోర్టు డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లోగా ల్యాబ్‌కు చేరాలని, అవి చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో నమోదు కావాలని ఆదేశించింది. సాక్ష్యం నిలబడకపోతే నష్టం ఎంతో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్యాచారం కేసు చూపుతుంది. అందులో నిందితుడు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాక, 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. ఒక యువకుడి జీవితంలో అన్నేళ్లు పోయాయి, బాధిత కుటుంబానికీ న్యాయం దొరకలేదు. ఇంతకంటే పెద్ద నష్టం ఉండదు. ఫోను, సీసీటీవీ సాక్ష్యానికైతే కొత్త సాక్ష్య చట్టం 63 సెక్షన్ కింద హ్యాష్ విలువతో కూడిన సర్టిఫికెట్ ఉందో లేదో చూడటం మొదటి పని.

ఇవన్నీ నేర్చుకునే చోట్లు లేకపోలేదు. హైదరాబాద్ నల్సార్ నేర న్యాయం, ఫోరెన్సిక్ శాస్త్రంలో పీజీ డిప్లొమా నడుపుతోంది. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఉంది. హైదరాబాద్ ప్రొఫెసర్ కె.ఎస్. నారాయణరెడ్డి రాసిన ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠ్యపుస్తకం దేశమంతా చదువుతారు, అది వకీలు బల్ల మీద కూడా ఉండదగినది. కానీ ఇదంతా ఇంగ్లీషులో, పల్నాడుకు దూరంలో ఉంది. లా కాలేజీల్లో ఫోరెన్సిక్ సాధారణంగా ఐచ్ఛిక విషయమే.

ఆ దూరం తగ్గించడం నరసరావుపేట, గురజాల, మాచర్ల బార్ అసోసియేషన్ల చేతిలో పని. గుంటూరు మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ అధ్యాపకులను, ల్యాబ్ శాస్త్రవేత్తలను పిలిపించి, తీర్పు వచ్చేసిన కేసుల రిపోర్టులు ముందు పెట్టుకుని తెలుగులో తరగతులు జరిపించాలి. జూనియర్లను, న్యాయసేవా సంస్థ తరఫున వాదించేవారిని ముందు వరసలో కూర్చోబెట్టాలి.