గాలితో పంతం వద్దు

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మొన్న జూలై నెలలో ఒక ఆదివారం రాత్రి ఫోను చేసింది. తన మోటారు సైకిలు మీద అనంతపురంలోని అమ్మమ్మగారి ఇంటికి వెళ్ళి, ఆ సాయంత్రమే తిరిగి వచ్చిందట. "నాన్నా, బండి బాగానే ఉంది, రోడ్డూ బాగుంది. కానీ భుజాలూ మెడా పట్టేశాయి. చెవుల్లో హోరు ఇంకా తగ్గలేదు. నేనేమైనా తప్పు చేస్తున్నానా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఆ జవాబును నేను నేర్చుకున్నది కూడా ఆ రహదారి మీదనే, ఆమె బారసాలకు వెళుతున్న రోజున. మన సంస్థలో నా ఉద్యోగకాలం ముగియడానికి ఇక కొద్ది నెలలే మిగిలి ఉన్నది. సెలవు దొరకగానే మోటారు సైకిళ్ళ మీద దూరప్రయాణాలకు బయలుదేరే యువ సహోద్యోగులు నేడు మనలో అనేకులు ఉన్నారు. మా అమ్మాయికి చెప్పిన నాలుగు మాటలు వారికీ, ఇంటి వద్ద వారి రాకకై ఎదురుచూసే కుటుంబసభ్యులకూ ఉపకరించగలవనే ఆశతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆనాటి ప్రయాణం

అది 1994 జూలై. నా భార్య కాన్పుకై అనంతపురంలోని పుట్టింటికి వెళ్ళి ఉన్నది. మరునాడే బారసాల. నేను హైదరాబాదు నుండి నూరు సి.సి. మోటారు సైకిలు మీద ఉదయం తొమ్మిది గంటలకు బయలుదేరాను. నేటి 44వ నంబరు జాతీయ రహదారి ఆనాడు 7వ నంబరు రహదారి. మధ్యలో విభాగిని లేదు. ఎదురు వచ్చే వాహనాలన్నీ మన కుడిభుజాన్ని రాసుకుంటూ పోయేవి.

కర్నూలు దాటేసరికి మధ్యాహ్నమైంది. డోన్ దాటిన పిమ్మట పడమటి గాలి ఉద్ధృతమైంది. దక్షిణ దిశగా పోతున్న నాకు అది కుడివైపు నుండి ఎడతెగకుండా కొడుతున్నది. చీకటి పడేలోగా చేరాలన్న పట్టుదలతో వేగం తగ్గించలేదు. హ్యాండిలును రెండు చేతులా బిగించి పట్టుకొని, బండిని గాలికి ఎదురుగా కుడివైపునకు వంచి నడుపుతున్నాను.

గుత్తి దాటిన తరువాత ఎదురుగా ఎత్తైన సరుకుతో ఒక లారీ వచ్చింది. అది నా పక్కకు రాగానే గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అప్పటిదాకా గాలిని తోస్తున్న నా బలమంతా అడ్డులేక, బండిని లారీ వైపునకే నడిపించింది. బెదిరి ఎడమకు లాగాను. అంతలో లారీ దాటిపోయింది. ఆగిన గాలి మళ్ళీ వచ్చి కుడి పక్క నుండి కొట్టింది. నా లాగుడూ గాలి తోపుడూ ఒకే దిక్కున కలిశాయి. బండి తారురోడ్డు దిగి, కంకర మీద జారుతూ పోయి, ఒక కల్వర్టు రాతిగోడకు జానెడు దూరంలో ఆగింది. నాకు దెబ్బ తగలలేదు. కానీ చాలాసేపు కాళ్ళు వణికాయి.

పామిడి వద్ద ఒక టీ దుకాణంలో కూర్చున్నాను. దుకాణం నడుపుతున్న పెద్దాయన ఒకప్పుడు లారీ నడిపినవాడట. నా చేతి వణుకు చూసి సంగతి అడిగి తెలుసుకున్నాడు. "ఏం సామీ, అంత గట్టిగా పట్టుకుంటే బండి ఎట్ల పోతాది? గాలితో మనకు పంతమేల? నిదానంగా పో. పొద్దు వాలితే అదే తగ్గుతాది" అన్నాడు. ఆయన మాట విని గంటసేపు విశ్రమించి, మెల్లగా సాగి, రాత్రి ఎనిమిది గంటలకు ఇల్లు చేరాను. గుమ్మంలో నిలిచి ఉన్న మామగారు, "ఆలస్యమైతే ఏం నాయనా, క్షేమంగా చేరినారు, అదే పదివేలు" అన్నారు. జరిగినది ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ వ్యాసం చదివిన తరువాతనే నా భార్యకు కూడా తెలుస్తుంది.

గాలి బలం ఎంత?

ముందుభాగాన గాలిని చీల్చే తొడుగు, అనగా ఫెయిరింగ్, లేని మోటారు సైకిలు మీద గాలిని చీల్చవలసినది నడిపేవాని రొమ్మే. గాలి ఒత్తిడి వేగానికి అనుగుణంగా కాక, వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 17 కిలోల బరువుకు సమానం. 90 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 38 కిలోలు. వేగం ఒకటిన్నర రెట్లు అయితే ఒత్తిడి రెండుంబావు రెట్లు అయినదన్నమాట. కూర్చున్న మనిషి గాలికి అడ్డునిలిచే వైశాల్యం అర చదరపు మీటరు అనుకుంటే, 90 వద్ద మీద పడే భారం సుమారు 19 కిలోలు. నిండు వంటగ్యాసు సిలిండరులో ఉండే గ్యాసు బరువు 14.2 కిలోలే. అంతకు మించిన బరువును గంటల తరబడి చేతులతో ఆపుతున్నామంటే భుజాలు నొప్పి పెట్టడంలో వింత ఏమున్నది?

ఇక్కడ లెక్కించవలసినది మీటరు చూపే వేగం మాత్రమే కాదు. 60 వేగంతో పోతుండగా 30 వేగంతో ఎదురుగాలి వీస్తే, శరీరానికి తగిలేది 90 వేగపు గాలి. కనుక ఎదురుగాలి వీచే రోజున పది, పదిహేను కిలోమీటర్ల వేగం తగ్గించుకోవడం పిరికితనం కాదు. పోగొట్టుకునే సమయం స్వల్పం. మిగుల్చుకునే శక్తి అధికం.

పక్కగాలి

ఎదురుగాలి అలసటను కలిగిస్తుంది. పక్కగాలి ప్రమాదాన్ని తెస్తుంది. దీనిని బిగింపుతో కాక మెలకువతో ఎదుర్కొనాలి. మోకాళ్ళతో పెట్రోలు ట్యాంకును మెత్తగా అదిమి, నడుము బలంతో కూర్చోవాలి. మోచేతులు కొద్దిగా వంచి, పిడికిళ్ళు వదులుగా ఉంచాలి. గాలి వచ్చే వైపునున్న హ్యాండిలు కొసను అరచేతితో మెల్లగా ముందుకు నొక్కితే బండి తనంతట తానే ఆ వైపునకు వాలి నిలదొక్కుకుంటుంది. గాలి ఆగగానే ఆ ఒత్తిడిని సడలించాలి. బిగిసిన చేతులు ఆ సడలింపును సకాలంలో చేయలేవు. గుత్తి వద్ద నేను చేసిన తప్పిదం అదే.

గాలి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ మళ్ళీ కొడుతుందో ముందుగా ఊహించడం అవసరం. లారీ, బస్సు పక్కకు వచ్చినప్పుడు, కొండను తొలిచి వేసిన దారి ముగిసేచోట, చెట్ల వరుస లేక ఊరి ఇళ్ళు ముగిసేచోట, నది వంతెన మీదికి ఎక్కేచోట ఈ మార్పు తప్పదు. అట్టి చోట్ల వేగం తగ్గించి, రోడ్డు అంచున గాక మన వరుస మధ్యలో ఉండాలి. అటూ ఇటూ జరగడానికి చోటు ఉండడమే రక్షణ. నేడు రహదారి నాలుగు వరుసలైనందున లారీలు ఎదురుగా కాక వెనుక నుండి వచ్చి కుడివైపున దాటిపోతాయి. అద్దంలో వాటిని గమనిస్తూ ఉండకపోతే గాలి ఆగడం మరింత ఆకస్మికంగా తోస్తుంది.

గాలి కనబడకపోయినా దాని జాడ కనబడుతుంది. వాలిన గడ్డి, ఎగిరే ధూళి, పొగ పోయే దిక్కు చూస్తే తెలుస్తుంది. చెట్ల పెద్దకొమ్మలు ఊగి, తంతితీగెలు ఈల వేస్తుంటే గాలివేగం గంటకు 40 కిలోమీటర్ల ప్రాంతంలో ఉన్నట్లు గుర్తు. చెట్లకు చెట్లే ఊగుతుంటే అది 50 దాటినట్లు. తేలికపాటి బండి ఇక ముందుకు పోరాదు. ఏదైనా గోడ చాటున నిలుపుకొనాలి.

బయలుదేరే వేళ

ఉమ్మడి అనంతపురం జిల్లాలో రామగిరి వంటి చోట్ల గాలిమరలు నిలపడం ఊరికే జరగలేదు. నైరుతి ఋతుపవన కాలంలో ద్వీపకల్పం మీదుగా పడమటి నుండి ఒక బలమైన గాలిప్రవాహం సాగుతుంది. నేలకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున అది ఉద్ధృతంగా ఉంటుందని 1966లో పి.వి. జోసెఫ్, పి.ఎల్. రామన్ అనే భారతీయ వాతావరణ శాస్త్రవేత్తలు వెల్లడించారు. రాత్రి నేల చల్లబడినప్పుడు పైగాలికీ నేలగాలికీ పొత్తు తగ్గుతుంది. ఎండ ఎక్కిన కొద్దీ వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, పైనున్న వడిగాలి క్రిందికి దిగుతుంది. అందుచేతనే తెల్లవారుజామున ప్రశాంతంగా ఉన్న దారి మధ్యాహ్నానికి ఉగ్రరూపం దాలుస్తుంది, సంధ్యవేళకు మళ్ళీ శాంతిస్తుంది. టీ దుకాణం పెద్దాయన అనుభవంతో చెప్పినది ఇదే. వెలుతురు రాగానే బయలుదేరి, పదకొండు గంటలలోపు దూరంలో అధికభాగం ముగించుకొనడం మేలు. నేను తొమ్మిదింటికి బయలుదేరి, గాలి ముదిరే వేళకు గాలి ఎక్కువైన చోటుకు చేరాను.

దుస్తులు, చెవులు, దాహం

వదులైన చొక్కా తెరచాప వలె గాలిని పట్టి మనిషిని వెనుకకు లాగుతుంది. ఒంటికి అమరిన, మెడవరకు మూసిన జాకెట్టు ధరించాలి. వెనుక కూర్చునే మహిళలు చీర కొంగునూ చున్నీనీ నడుముకు గట్టిగా చెక్కుకొనడం, చక్రానికి చీర రక్షణ జాలీ ఉన్నదో లేదో చూచుకొనడం అత్యవసరం. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. ముఖాన్ని పూర్తిగా కప్పి, కళ్ళకు అద్దం ఉన్నది దూరప్రయాణానికి శ్రేష్ఠం.

కర్మాగారంలో ఎనిమిది గంటల పనికి శబ్దపరిమితి 90 డెసిబెళ్ళని మనకు భద్రతా శిక్షణలో చెబుతారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపలి గాలిహోరు ఆ పరిమితిని మించిపోతుంది. చెవికి అమరిన మెత్తని ఇయర్ ప్లగ్గులు ఈ హోరును తగ్గిస్తాయి, హారను మాత్రం వినబడుతూనే ఉంటుంది. ఊళ్ళలోకి ప్రవేశించగానే వాటిని తీసివేయాలి.

గాలి చెమటను వెంటనే ఆర్చివేయుటచేత దాహం తెలియదు. తెలియకపోయినా గంటకొకసారి నీరు త్రాగాలి. వేసవిలో గాలి శరీరం కన్న వేడిగా ఉన్నప్పుడు గుండీలు విప్పుకొనడం పొరపాటు. అది చల్లదనమివ్వదు, వడగాడ్పును లోనికి పిలుస్తుంది. ఒళ్ళంతా కప్పుకొని, మెడకు తడి జేబురుమాలు కట్టుకొనడం మంచిది. గంటన్నరకు ఒకసారి బండి దిగి, పది నిమిషాలు నడిచి, మెడనూ భుజాలనూ సడలించుకొనాలి.

అద్దం బిగించుకొనవచ్చునా?

చిన్న గాలి అద్దం రొమ్ముమీది భారాన్ని తగ్గిస్తుంది. కానీ దాని అంచు నుండి లేచే సుడిగాలి సరిగ్గా హెల్మెట్‌కు తగిలితే తల అదురుతూ, హోరు మునుపటికన్న ఎక్కువవుతుంది. హ్యాండిలుకే బిగించిన పెద్ద అద్దం పక్కగాలి తోపును నేరుగా చేతులకు అందిస్తుంది. కనుక దగ్గరి దూరంలో పరీక్షించి చూచిన తరువాతనే దానితో దూరప్రయాణం చేయాలి. ఖర్చులేని ఉపాయం మరొకటి ఉన్నది. నడుము వద్ద నుండి కొద్దిగా ముందుకు వంగడం, ట్యాంకు మీద చిన్న సంచి ఉంచి దాని ఆసరా తీసుకొనడం. వెనుక సామాను ఎత్తుగా పేర్చరాదు; పక్కగాలికి అది గోడ వలె నిలుస్తుంది.

ఈ సంగతులన్నీ మా అమ్మాయికి చెప్పాను, కల్వర్టు సంగతితో సహా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "వచ్చేసారి తెల్లవారగానే బయలుదేరతాను నాన్నా. పామిడి దాకా వెళ్ళి ఆ టీ కొట్టు ఉందేమో చూస్తాను" అన్నది. పామిడి అనంతపురానికి ఇవతల లేదనీ, ఇంకా ముందుకు పోవాలనీ చెప్పాను. "అయితే ఏం, నిదానంగా పోతాను కదా" అన్నది.