పాత అంబాసిడర్ ఇంజిను: విప్పే ముందు వినవలసినది

హిందూపురంలోని మా మదరసాకు ఒక పాత పెట్రోలు అంబాసిడర్ ఉంది. గత వేసవిలో ధర్మవరంలో ఒక నికాహ్‌కు బయలుదేరగా, పెనుకొండ చేరేసరికి బండికి పికప్ పూర్తిగా పోయింది. అంతకు వారం ముందే ఒక షెడ్డులో చూపిస్తే, ఇంజిను విప్పి బోరు చేయించాలన్నారు. వారు అడిగిన మొత్తం మా వంటశాలకు రెండు నెలల ఖర్చు. పెనుకొండలో మాకు దొరికిన వృద్ధ మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అంటారు. (పిల్లలు మమ్మల్నీ అలాగే పిలుస్తారు, ఆనాడు మాత్రం ఆ మాట ఆయనకే తగింది.) ఆయన ఇంజిను విప్పలేదు. బానెట్ ఎత్తి, ఐదు నిమిషాలు నిలబడి విన్నారు.

ఈ 1489 సి.సి. ఇంజిను పుట్టిల్లు బ్రిటన్. 1955లో ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారు ఈ ఇంజినుతోనే వచ్చింది. 1962 నాటి ఎం.జి.బి.లో దీనినే 1798 సి.సి.కి పెంచారు. వేగం కోసం వాటికి రెండేసి కార్బురేటర్లు అమర్చారు, మన బండికి ఒక్కటే. ట్యూనింగ్ క్రమం మాత్రం అన్నిటికీ సమానమే: ముందు టాపెట్లు, తరువాత ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, అన్నిటికంటే చివర కార్బురేటర్. మనలో చాలామంది ముందుగా తిప్పేది కార్బురేటర్ స్క్రూనే!

వాల్వులు ఎనిమిది. ఎనిమిదవది పూర్తిగా తెరుచుకున్నపుడు ఒకటవ దానిని, ఆరవది తెరుచుకున్నపుడు మూడవ దానిని సరిచేయాలి. రెండు అంకెలూ కలిస్తే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. సందు 0.015 అంగుళం, అంటే దాదాపు 0.38 మిల్లీమీటరు. ఫీలర్ గేజ్ కొంచెం పట్టినట్టుగా జారాలి.

టాపెట్ల చప్పుడుకు యజమానులు భయపడతారు. నిజానికి భయపడవలసింది చప్పుడు చేయని టాపెట్టుకు. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్టు వాల్వు అయితే అంచు కాలిపోతుంది. పూర్వం పెట్రోలులోని సీసం వాల్వు కూర్చునే అంచును కాపాడేది. 2000 ఫిబ్రవరి నుండి మన దేశంలో సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. అది అందరి ఊపిరికీ మేలే. పాత ఇంజినులో మాత్రం ఆ అంచు అరిగి, వాల్వు లోనికి దిగి, సందు క్రమంగా తగ్గుతుంది. కనుక తరచుగా కొలవాలి. మా బండిలో నాలుగవ వాల్వుకు సందే లేదు. ఉస్తాద్ హ్యాండిల్‌తో ఇంజినును తిప్పించి, ఐదవది తెరుచుకోగానే ఆపి, నాలుగవదానికి సందు ఇచ్చారు. అంచు ఇంకా కాలలేదు.

ప్లగ్గుకు 0.025, పాయింటుకు 0.015 అంగుళం. పాయింటు సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది గనుక, టైమింగ్ ఆ తరువాతే చూడాలి. మాది ఎస్.యు. కార్బురేటర్, దాని డాష్‌పాట్‌లో ఆయిల్ ఎండిపోయింది. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిను తడబడటానికి అదొక కారణం. చివరగా ఆయన పిస్టన్‌ను రవ్వంత పైకెత్తి విన్నారు. వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, ఇంజిను ఆగిపోతే తక్కువ. క్షణం పెరిగి సర్దుకుంటే సరిపోయినట్టు. మగ్రిబ్ వేళకు ధర్మవరం చేరాము.

ఉస్తాద్ మనుమడు ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో పని చేస్తున్నాడు. ఫీలర్ గేజ్ పట్టేవారు ఆ ఇంట మరెవరూ లేరు. ఆయనకు ఎడమ చెవి వినికిడి తగ్గింది. అందుకే నెలకొక శుక్రవారం, సెలవు రోజున, మా పెద్ద విద్యార్థులిద్దరిని బండితో పెనుకొండకు పంపుతున్నాము. మొన్న ఒకడు తొమ్మిదికి బదులు ఎనిమిది లెక్క వేసి సందులు పెట్టాడు. ఉస్తాద్ ఏమీ అనక, వానిచేత ఎనిమిది వాల్వులూ మొదటి నుండి మళ్ళీ చేయించారు.