పొలపు హద్దుగీతలో ముడులు: కనుగొనుట, తీయుట

గట్టు వెంట సెల్‌ఫోనుతో నడచి పొలపు హద్దు గుర్తించుట నేడు పలుచోట్ల జరుగుచున్నది. ఋణమునకుగాని, పంట బీమాకుగాని, ఎరువుల లెక్కకుగాని అట్లు తేలిన విస్తీర్ణమును ఆధారము చేసికొనునప్పుడు, హద్దుగీత తన్ను తానే ఖండించుకొనినచో రైతునకు నష్టము కలుగును. కావున ఆ దోషమును కనుగొని సవరించు విధమును ఇచ్చట వివరించుచున్నాము.

ముడులు రెండు విధములుగా పడును. ఫోను ఉపగ్రహముల సంకేతములనుబట్టి స్థానము నిర్ణయించును. ఆరుబయట సైతము కొన్ని మీటర్ల తేడా యుండును. చెట్లక్రింద ఇంకను హెచ్చు. నడచువాడు ఒకచోట నిలిచినయెడల బిందువులు అటునిటు చెదరి చిన్న ముడి యేర్పడును. రెండవది, మూలబిందువులను వరుస తప్పి వ్రాయుట. ఇది మిక్కిలి చెరుపు చేయును.

ఒక యుదాహరణము: ప్రక్కకు 100 మీటర్లుగల చదరపు చేను 10,000 చదరపు మీటర్లు, అనగా సుమారు 2 ఎకరముల 47 సెంట్లు. మూలలను 1, 2, 3, 4 అని కాక 1, 2, 4, 3 అని వ్రాసిన, గీత బుడబుక్కలవాని డమరుకమువలె నడుమ ముడిపడి రెండు త్రికోణములగును. సామాన్యసూత్రము ఒకవైపు తిరిగిన భాగమును కూడి, రెండవవైపు తిరిగిన భాగమును తీసివేయును గనుక, వచ్చు విస్తీర్ణము సున్న!

కనుగొను విధ మిది. హద్దుగీతను ముక్కలుగా భావించి, ఒకదానినొకటి తాకియుండని ప్రతి రెండు ముక్కలను ప్రోగ్రాము పోల్చవలెను. మొదటి ముక్క యొక్క రెండు కొనలు రెండవ గీతకు చెరియొకవైపునను, రెండవ ముక్క కొనలు మొదటి గీతకు చెరియొకవైపునను ఉన్నచో, అవి ఖండించుకొనినట్లే. బిందువు ఎడమనున్నదో కుడినున్నదో తెలియుటకు, రెండు గుణకారములు చేసి ఒకదానినుండి యొకటి తీసివేసి, ఫలము ధనమా ఋణమా యని చూచిన చాలును. 200 ముక్కలకు 19,700 జతలు వచ్చును. యంత్రమున కిది క్షణకాలపు పని. ముక్కలు వేలు, లక్షలైనచో 1979లో బెంట్లీ, ఆట్‌మన్ అనువారు ప్రకటించిన పద్ధతి యుపయోగించును. అందు ఒక రేఖను పటముపై ప్రక్కనుండి జరుపుచు, ఆ రేఖపై ఇరుగుపొరుగున నున్న ముక్కలను మాత్రమే పరీక్షింతురు.

తీయు విధము ముడినిబట్టి యుండును. ముడి కొన్ని మీటర్ల లోపలిదైన, అందలి బిందువులను తొలగించి, ఖండనబిందువును వాని స్థానమున నుంచవలెను. వరుస తప్పుటవలన కలిగినదైన ఏ బిందువును తొలగింపరాదు. రెండు ఖండనముక్కల నడుమనున్న బిందువుల వరుసను త్రిప్పివ్రాయవలెను. పై యుదాహరణములో 4, 3 అనుదానిని 3, 4 చేసిన చేను యథాస్థితికి వచ్చును. ఒక ముడి తీసిన పిమ్మట మరల మొదటినుండి పరీక్షింపవలెను.

ఇచ్చట నొక హెచ్చరిక. పైథాన్ భాషలోని షేప్లీ అను సాధనమున 'మేక్ వ్యాలిడ్' అను ఆజ్ఞ కలదు. అది పై డమరుకమును రెండు త్రికోణములుగా విడదీసి దోషము లేదనును. కాని విస్తీర్ణము 5,000 చదరపు మీటర్లే. సగము పొలము మాయమైనది! చిత్రము సక్రమమగుట వేరు, పొలము సరిపోవుట వేరు. ఏ ముడి పొరపాటో, ఏది నిజముగా పొలములోని వంపో యంత్ర మెరుగదు. ఆ చేను దున్నువా డెరుగును.

కావున సభ్యులు ఈ క్రింది విషయములు పాటింతురుగాక. నిలిచినప్పుడు నమోదు ఆపవలెను. మూలలకు వరుసగా సంఖ్యలు వేయవలెను. సవరణకు ముందటి బిందువులను భద్రపరుపవలెను. సవరించిన విస్తీర్ణమును సర్వే పటముతో సరిచూచి, తేడా హెచ్చుగానున్నచో గట్టుమీదికి మరల వెళ్లి కొలిచిన పిమ్మటనే కాగితముపై చేవ్రాలు చేయవలెను.