నేల విడిచే ముందు

పొడవు రెండు మీటర్లు. ఇంధనంతో కలిపి బరువు పదిహేను కిలోలకు అటూ ఇటూ. పైలట్ కూర్చోవలసిన చోట ఒక ప్లాస్టిక్ బొమ్మ. ఇంతమాత్రం చెబితే అది పిల్లల ఆటవస్తువని ఎవరైనా అనుకుంటారు. కాని దాని పొట్టలో ఉన్నది నిజమైన జెట్ ఇంజను. గాలిని పీల్చి, అదిమి, అందులో కిరసనాయిలు మండించి, వేడి వాయువును వెనుకకు చిమ్మే యంత్రం. వందల మంది ప్రయాణికులను మోసుకుపోయే విమానాల ఇంజనుకూ దీనికీ మూలసూత్రంలో భేదం లేదు. పూర్తి శక్తితో ఇది గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. నడిపే మనిషి మాత్రం నేలమీదే నిలబడి, మెడలో వేలాడే ట్రాన్స్‌మిటరు మీటలను బొటనవేళ్లతో కదుపుతూ ఉంటాడు.

ఇటువంటి నమూనా జెట్‌ను నిర్మించడానికి సంవత్సరం పట్టవచ్చు. ఆఫీసు పని ముగిశాక, సెలవు దినాలలో మాత్రమే చేతపట్టేవారికి రెండు మూడేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఖర్చు లక్షలలో ఉంటుంది. తొలి ప్రయాణం మాత్రం ఆరేడు నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో ఒక మర వదులైనా, ఒక తీగ తారుమారైనా అన్నాళ్ల శ్రమ బూడిద కావచ్చు. ఇది అలంకారానికి అన్న మాట కాదు. మూడు లీటర్ల కిరసనాయిలుతో, వందల డిగ్రీల వేడిమీద ఉన్న ఇంజనుతో నేలకూలే వస్తువు నిజంగానే అంటుకుంటుంది. అది కూలే చోట మనుషులుంటే సంగతి మరింత ఘోరం. అందువల్లనే ఈ అభిరుచిలో ఆరితేరినవారు ఎగరడం గురించి చెప్పేదానికంటె ఎగరడానికి ముందు చేయవలసిన పనుల గురించి ఎక్కువగా చెబుతారు.

ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ తన జెట్ ఇంజనును మొదటిసారి నడిపించినది 1937 ఏప్రిల్‌లో. జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ ఇంజనుతో హైంకెల్ 178 విమానం 1939 ఆగస్టు 27న గాలిలోకి లేచింది. యుద్ధానంతరం ప్రపంచమంతటా జెట్‌లు సామాన్యమయ్యాయి. విమాన నమూనాలు చేసేవారు ఆ రూపాలను వెంటనే అనుకరించారు గాని, ఆ ఇంజనును అనుకరించడానికి వారికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఈలోగా కొందరు చెవులు చిల్లులు పడే మోతతో కొట్టుకునే పల్స్‌జెట్ గొట్టాలను అమర్చుకున్నారు. మరికొందరు చిన్న పిస్టన్ ఇంజనుకు పంకా తగిలించి, దానిని విమానం కడుపులో దాచి, జెట్ అనిపించారు. చూపులకు జెట్, లోపల పంకా!

పెద్ద యంత్రాన్ని కుదించి చిన్న యంత్రం చేయడానికి అంత కష్టమెందుకు? ప్రకృతి కుదింపుకు లొంగదు. గాలిని అదిమే కంప్రెసరు చక్రం ఎంత పీడనం సృష్టిస్తుందన్నది దాని అంచు వేగం మీద ఆధారపడి ఉంటుంది. చక్రం చిన్నదైనకొద్దీ అదే అంచు వేగం కోసం అది మరింత జోరుగా తిరగాలి. 66 మిల్లీమీటర్ల వ్యాసం గల చక్రం, అంటే అరచేతిలో ఇమిడిపోయేది, నిమిషానికి 1,15,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 400 మీటర్లు కదులుతుంది. ధ్వని వేగం అంతకంటె తక్కువ. ఆ అంచున ఒక్క గ్రాము లోహం ఉన్నదనుకుంటే, దానిని వెలుపలికి లాగే బలం దాదాపు 490 కిలోల బరువుకు సమానం. చక్రంలో కంటికి కనిపించని అసమతూకం ఉన్నా బేరింగులు నిమిషాలలో అరిగిపోతాయి.

ఖాళీల మాట మరొకటి. చక్రం అంచుకూ దాని చుట్టూ ఉండే తొడుగుకూ నడుమ కొంత సందు తప్పనిసరి. పెద్ద ఇంజనులో లెక్కకు రాని సందు చిన్న ఇంజనులో గాలిని దొంగదారిన వెనక్కు పోనిస్తుంది. ఇక మంట సంగతి. జానెడు పొడవైనా లేని దహనపేటికలో గాలి నిలిచేది సెకనులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. ఆ లోపల కిరసనాయిలు ఆవిరై, గాలితో కలిసి, పూర్తిగా కాలాలి. కాలకపోతే మంట టర్బైను దాటి వెనుక గొట్టంలోకి పాకుతుంది. ఈ చిక్కుకు దొరికిన పరిష్కారం ఎంతో సొగసైనది. ఇంధనాన్ని చిన్న లోహపు గొట్టాల గుండా పంపి, ఆ గొట్టాలను మంటలోనే ఉంచారు. మంట వేడికి ఇంధనం గొట్టంలోనే ఆవిరై, ఆవిరిగానే బయటికి వచ్చి మండుతుంది. తనను కాల్చే మంటను తానే పోషించుకుంటుందన్నమాట.

1983లో ఇంగ్లండులో జెర్రీ జాక్‌మన్, ఆయన సహచరులు సొంతంగా చేసిన టర్బైను ఇంజనుతో నమూనా విమానాన్ని రేడియో అదుపులో ఎగురవేశారు. అది సాధ్యమేనని అప్పటికి తేలింది. కాని ఇంటి చావడిలో చిన్న లేతు యంత్రం తప్ప వేరేమీ లేనివాడు కూడా చేయగలడని చూపినవాడు జర్మనీకి చెందిన కుర్ట్ ష్రెక్లింగ్. ఆయన ఇంజనులో కంప్రెసరు చక్రం దేనితో చేసినదో వింటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అది ప్లైవుడ్! రెండు చెక్క బిళ్లల నడుమ చెక్క రెక్కలు పొదిగి, అంచు చుట్టూ కర్బన నూలు చుట్టి జిగురు పట్టించాడు. చెక్క విచ్చిపోకుండా ఆ నూలు పట్టి ఉంచుతుంది. టర్బైను చక్రానికి తుప్పుపట్టని ఉక్కు రేకును గుండ్రంగా కోసి, రెక్కలుగా చీల్చి, ఒక్కొక్కటి చేత్తో మెలిపెట్టాడు. విమాన కర్మాగారాలు అరుదైన మిశ్రలోహాలతో, అమిత వ్యయంతో చేసే పనిని ఒక ఔత్సాహికుడు చెక్కతో, రేకుతో సాధించాడు. సాధించి ఊరుకోక, కొలతలతో సహా పుస్తకం రాసి అందరికీ పంచాడు. ఈ చరిత్రలో అందరికంటె గొప్ప పని బహుశా అదే.

ఆ దారిలో థామస్ కాంప్స్ మొదలైనవారు మరొక అడుగు వేశారు. మోటారు వాహనాల టర్బోచార్జర్లలో వాడే అల్యూమినియం చక్రం అంగడిలో దొరుకుతుంది గదా, దానినే కంప్రెసరుగా వాడితే చాలునని గ్రహించారు. తరువాత కంపెనీలు రంగంలోకి దిగాయి. ఈనాడు దాదాపు కిలో బరువుతో, 10 కిలోల తోపుడు శక్తినిచ్చే ఇంజను తయారుగా దొరుకుతుంది. ఒకప్పుడు చక్రాన్ని తిప్పడానికి బయటినుండి గాలి ఊది, ప్రోపేన్ వాయువు వెలిగించి, చెవితో విని వేగం అంచనా కట్టేవారు. ఇప్పుడు ఆ పనులన్నీ అగ్గిపెట్టెకంటె కొంచెం పెద్దదైన ఎలక్ట్రానిక్ పేటిక చూసుకుంటుంది.

కాని ఇంజను కొన్నంతమాత్రాన విమానం సిద్ధం కాదు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

ముందుగా వేడి. ఇంజను వెనుక నుండి వెలువడే వాయువు 500 నుండి 700 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. దానిని బయటికి చేర్చే గొట్టం బాల్సా చెక్కతోనో, గాజునారతోనో చేసిన శరీరం గుండా పోవాలి. అందుచేత పలుచని ఉక్కు రేకుతో గొట్టంలో గొట్టం అమర్చి, రెంటి నడుమ చల్లగాలి పారేటట్లు చేస్తారు. ఇంజను మూతికీ గొట్టానికీ మధ్య సరియైన ఎడం లేకపోతే ఆ చల్లగాలి పారదు. అప్పుడు విమానం లోపలినుండి కమిలిపోతుంది.

తరువాత ఇంధనం. నిమిషానికి మూడోవంతు లీటరు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువే తాగే ఇంజను ఇది. ఆ కిరసనాయిలులోనే నూటికి నాలుగైదు వంతులు నూనె కలుపుతారు. బేరింగులకు వేరే నూనె ఉండదు. విమానం పల్టీ కొట్టినప్పుడు ట్యాంకులో ఇంధనం అటూ ఇటూ కదిలి గొట్టంలోకి గాలి బుడగ దూరవచ్చు. కారు ఇంజను ఒక బుడగకు దగ్గి ఊరుకుంటుంది. జెట్ ఇంజనులో మంట ఆరిపోతుంది. ఆకాశంలో మళ్లీ వెలిగే అవకాశం దాదాపు లేదు. అందుకే పెద్ద ట్యాంకుకూ పంపుకూ నడుమ ఒక చిన్న ట్యాంకు ఉంచుతారు. దారిలో వచ్చిన బుడగలు దాని పైభాగాన చిక్కుకుపోగా, ఇంజనుకు ద్రవం మాత్రమే అందుతుంది. మొదటి ప్రయాణానికి ముందు ఆ చిన్న ట్యాంకును వెలుతురులో పెట్టి చూసి, ఒక్క బుడగ కూడా లేదని నిర్ధారించుకోవాలి. పెద్ద ట్యాంకుకు గాలి రంధ్రం ఒకటి ఉంటుంది. రవాణాలో ఒలకకుండా దానికి బిరడా పెడతారు. బిరడా తీయడం మరిచి ఇంజను నడిపితే పంపు పీల్పుకు ట్యాంకు అప్పడంలా నలిగిపోతుంది. తొందరలో ఉన్నవారికి ఇది జరుగుతూనే ఉంటుంది.

ఇక తూకం. గురుత్వ కేంద్రం నిర్ణీత స్థానానికి కొద్దిగా ముందున్నా విమానం మందకొడిగా ఎగురుతుంది తప్ప నడిపేవాని మాట వింటుంది. వెనుకకు జరిగితే, ముక్కు ఎత్తిన మరుక్షణం అదుపు తప్పుతుంది. కాబట్టి తొలిసారి కాస్త ముందుకే ఉంచడం క్షేమం. మూడు లీటర్ల ఇంధనం ఖర్చయ్యేకొద్దీ తూకం మారుతుంది కనుక, పెద్ద ట్యాంకు ఖాళీగా, చిన్న ట్యాంకు నిండుగా, చక్రాలు దించి తూచాలి. దిగే సమయంలో ఉండే స్థితి అదే.

రెక్కల కదలికల పరీక్ష వినడానికి హాస్యాస్పదంగా తోస్తుంది. మీటను కుడికి తోస్తే కుడిరెక్క మీది ఎయిలెరాన్ పైకి లేవాలి. ఇంత సులువైన సంగతిలో పొరపాటు పడేదెవరు? చాలామంది. విమానానికి ఎదురుగా నిలబడి చూసేవారికి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఏదో ఒకటి కదిలింది గదా అని కన్ను తృప్తి పడుతుంది. అనుభవజ్ఞులు తోక వెనుక నిలబడి, దిశను పైకి ఉచ్చరిస్తూ ఒక్కొక్కటే పరీక్షిస్తారు.

రేడియో బంధం తెగితే ఏమి జరగాలన్నదీ ముందే నిర్ణయించి ఉంచాలి. సంకేతం అందని మరుక్షణం ఇంజను తనంతట తానే ఆగిపోయేటట్లు రిసీవరును అమర్చుతారు. విమానం పోతే పోయింది, పూర్తి శక్తితో జనం మీదికి పోరాదు. ట్రాన్స్‌మిటరు శక్తిని కావాలని తగ్గించి, కొంత దూరం నడిచి వెళ్లి, రెక్కలు ఇంకా స్పందిస్తున్నాయో లేదో చూస్తారు. ఒకసారి ఇంజను ఆపి, మరొకసారి నడుస్తుండగా. భారతదేశంలో 2021 నాటి డ్రోన్ నిబంధనలు 25 కిలోలకు మించకుండా, కంటిచూపు మేరలోనే ఎగిరే నమూనా విమానాలను ప్రత్యేక తరగతిగా గుర్తించాయి. ఎక్కడ, ఎంత ఎత్తున ఎగరవచ్చునో మైదానానికి బయలుదేరక ముందే తెలుసుకోవలసిన విషయం.

మైదానంలో ముక్కును గాలికి ఎదురుగా ఉంచి ఇంజను వెలిగిస్తారు. పక్కన ఒక మనిషి బొగ్గుపులుసు వాయువు నిండిన మంటలార్పే సిలిండరుతో సిద్ధంగా ఉంటాడు. పొడి చల్లే సిలిండరు పనికిరాదు; ఆ పొడి ఇంజనులోకి పోతే అగ్ని చేయని నష్టం అదే చేస్తుంది. టర్బైను చక్రం తిరిగే తలానికి ఎదురుగా పక్కన ఎవరూ నిలబడరాదు. చక్రం పగిలితే ముక్కలు వచ్చేది అటే. సన్నని కూతతో మొదలై, గుప్పుమన్న చప్పుడుతో మంట పట్టి, కూత క్రమంగా హెచ్చి, నిమిషానికి నలభై వేల చుట్ల దగ్గర స్థిరపడుతుంది. ఇది ఇంజనుకు విశ్రాంతి స్థితి!

ఎగరక ముందు పరుగు. 2001 జనవరి 4న బెంగళూరులో మన తేజస్ తొలిసారి నేల విడవక ముందు రన్‌వే మీద పరుగుల పరీక్షలు జరిగినట్లే, ఇక్కడా మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి విమానాన్ని నేలమీదే నడిపిస్తారు. ముందు చక్రం తిన్నగా పోతున్నదా? బ్రేకులు సమంగా పడుతున్నాయా? పరుగు తరువాత మూతలన్నీ తెరిచి మరలను మళ్లీ బిగించి చూస్తారు. ఇంత చేసినా, ఎదురుగాలి పక్కకు తిరిగితే, పొద్దు కంట్లో పడితే ఆనాటికి మానుకుని ఇంటికి పోయేవారున్నారు. వారే ఎక్కువ కాలం ఈ రంగంలో నిలుస్తారు.

గాలిలోకి లేచిన తరువాత ఆలోచనకు వ్యవధి ఉండదు. గంటకు 300 కిలోమీటర్లంటే సెకనుకు 83 మీటర్లు. నాలుగు సెకన్లు కన్ను మరల్చితే విమానం మూడువందల మీటర్ల అవతల నల్లని గీతగా మిగులుతుంది. అది వస్తున్నదో పోతున్నదో తెలియదు. అందుకని తొలిసారి సగం శక్తితోనే, విశాలమైన వలయాలలో తిప్పుతారు. చక్రాలు, ఫ్లాపులు దించి, మంచి ఎత్తులో వేగం తగ్గించి, ఎక్కడ తూలుతుందో కనిపెడతారు. దిగడానికి వచ్చేటప్పుడు మరొక మెలిక ఉన్నది. పంకా ఇంజను మీట తోయగానే ఊపందుకుంటుంది. టర్బైను విశ్రాంతి నుండి పూర్తి శక్తికి రావడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. చాలా కిందికి, చాలా నెమ్మదిగా వచ్చాక శక్తి కోరితే అది అందేసరికి రన్‌వే అంచు ముందే వచ్చేస్తుంది. కనుక ఇంజను వేగాన్ని పూర్తిగా తగ్గించక, మళ్లీ లేవడానికి సరిపడే ఇంధనం ట్యాంకులో ఉండగానే దించుతారు. పక్కనున్న సహాయకుడు నిమిషాలు పైకి లెక్కిస్తూ ఉంటాడు.

చక్రాలు తారు మీద కీచుమంటాయి. ఇంజను ఆపిన తరువాత కూడా స్టార్టరు మోటారు చక్రాన్ని కాసేపు తిప్పుతూనే ఉంటుంది. నిలిచిపోతే లోపలి వేడికి బేరింగులు పాడవుతాయి. వేడి నూరు డిగ్రీల దిగువకు వచ్చాక గాని మూత తెరవరు. అప్పుడు ట్యాంకులో మిగిలిన కిరసనాయిలును కొలజాడీలోకి తోడి, ఎన్ని నిమిషాలకు ఎంత కాలిందో పుస్తకంలో రాసుకుని, రెండవ ప్రయాణానికి ట్రాన్స్‌మిటరు గడియారాన్ని ఆ లెక్క ప్రకారం సరిచేస్తారు.