తప్పు అమ్మ చెవులది కాదు!

"ఒరేయ్, నా చెవులు పోతున్నాయిరా! డాక్టరు దగ్గరకు తీసికెళ్ళు."

ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ ఈ మాట అనేసరికి గుండె గుభేలుమంది. టీ.వీ.లో కొత్త సినిమా నడుస్తోంది. మాటలు వినబడటం లేదని అమ్మ సౌండు పెంచింది. ఇంతలో ఫైటు! పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. సౌండు తగ్గించింది. మళ్ళీ మాటలు మాయం!

అనుమానం వచ్చి 'మాయాబజార్' పెట్టాను. 1957 నాటి చిత్రం. సౌండు అదే అంకె మీద వుంచాను. అమ్మ ప్రతి మాటకూ పకపకా నవ్వుతోంది! అంటే చెవులు నిక్షేపంగా వున్నాయన్నమాట. మరి దొంగ ఎవరు?

ఇంకెవరు, నేనే! కొన్న డిస్కులోని సినిమాను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలని కంప్యూటర్లో కన్వర్ట్ చేసిన ఘనుణ్ణి నేనే కదా.

ఆరుగురి పాట ఇద్దరి నోట

పాత చిత్రాల శబ్దం మోనో. మాటా, పాటా, కత్తి చప్పుడూ అన్నీ ఒకే దారిలో వస్తాయి. ఇప్పటి 5.1 శబ్దానికి దారులు ఆరు: ముందు మూడు, వెనుక రెండు, గుండె అదిరే బేస్‌కి ఒకటి. నటీనటుల మాటలు చాలావరకు ముందు మధ్య దారిలోనే వుంటాయి. హాల్లో తెర వెనుక దానికి ప్రత్యేకంగా స్పీకరుంది. మా టీ.వీ.కి వున్నవి రెండే! ఆరింటినీ రెండింటిలో కుక్కితే శబ్దం పగిలిపోతుందని సాఫ్ట్‌వేరు మొత్తాన్నీ తగ్గిస్తుంది. సంగీతం హోరులో మాటలు మునిగిపోతాయి.

'నార్మలైజ్' నొక్కితే సరిపోదా?

నేనూ అలాగే అనుకుని నొక్కాను. ఫలితం సున్నా! 'పీక్' పద్ధతి సినిమాలోని అతి పెద్ద చప్పుడును వెదికి, దాన్ని పైకప్పు దాకా లేపుతుంది. మిగతావీ అంతే లేస్తాయి. క్లైమాక్సులో బాంబు అప్పటికే కప్పును తాకుతూంటే మాటలు ఒక్క అంగుళం పైకి రావు.

రెండోది 'లౌడ్‌నెస్' పద్ధతి. చెవికి సగటున ఎంత శబ్దం తోస్తుందో కొలుస్తుంది. ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య 2010లో దీనికి మైనస్ 23 ఎల్.యు.ఎఫ్.ఎస్. అని గీత గీసింది. దీంతో ఒక సినిమాకూ మరో సినిమాకూ తేడా పోతుంది. కానీ ఒకే సినిమాలో మాటకూ ఫైటుకూ వున్న దూరం పోవాలంటే ఇంకొంచెం పని చెయ్యాలి.

నేను చేసిందిదీ

ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో బొమ్మ జోలికి పోకుండా వీడియోను 'కాపీ' అని వదిలేశాను. బొమ్మ నాణ్యత చెక్కుచెదరదు, టైమూ కలిసొస్తుంది. ఆరు దారుల్ని రెండు చేసేటప్పుడు మధ్య దారి పాలు పెంచాను. కంప్రెసర్‌తో పెద్ద చప్పుళ్ళను కాస్త అణిచాను. చివర 'లౌడ్‌నార్మ్'ను రెండుసార్లు నడిపాను: మొదటిసారి కొలవడానికి, రెండోసారి సరిచెయ్యడానికి.

ఒక్క హెచ్చరిక! మరీ అణిస్తే గుసగుసా గర్జనా ఒకటైపోయి క్లైమాక్సు చప్పబడిపోతుంది. అసలు ఫైలును మాత్రం చెరపకండి.

సాయంత్రం అదే సినిమా మళ్ళీ పెట్టాను. అమ్మ రిమోట్ ముట్టుకోకుండా శుభం కార్డు దాకా చూసింది.

"బాగా వినబడిందిరా! డాక్టరు ఫీజు మిగిలింది కదా, ఆ డబ్బుతో హాల్లో సినిమా చూపించు!"