బాయి ఈతగాళ్ళు సముద్రం అడుగుకు పోవాలంటే

వార్షికోత్సవ సంచిక అనగానే చదువు, పోటీ పరీక్షలు, ఉద్యోగాల గురించి రాయడం ఆనవాయితీ. మేము ఈసారి సెలవుల గురించి రాస్తున్నాం. సెలవులంటే మనలో చాలామందికి ఊరికి పోయి పత్తి ఏరడమో, మేకలు కాయడమో, మహా అయితే చెర్వుగట్టు జాతర చూడటమో. మొదటి జీతం అందుకున్నాక కూడా "తిరగడానికి పోవడాలు మనకెందుకులే" అనే మాట మన నోటి నుండే వస్తుంది. ఈ హాస్టల్‌లో చదివి పీజీ దాకా వచ్చిన మేము నలుగురం కొన్నాళ్ళు డబ్బు కూడబెట్టుకుని అండమాన్ దీవులకు పోయి, సముద్రంలో స్కూబా డైవింగ్ చేసి వచ్చాం. మా ఇళ్ళలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనుషులం మేమే కాబట్టి ఇట్లాంటివి అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. మీకు అడగడానికి మేమున్నాం.

ముందుగా స్కూబా అంటే ఏమిటో చెప్పుకుందాం. వీపుకు సిలిండర్ కట్టుకుని, దానిలోని గాలి పీలుస్తూ నీటి అడుగున తిరగడమే స్కూబా. ఆ సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు, మనం రోజూ పీల్చే మామూలు గాలినే శుభ్రపరచి, ఒత్తి నింపుతారు. 12 లీటర్ల సిలిండర్‌లో వాతావరణ పీడనానికి 200 రెట్ల పీడనంతో నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి పడుతుంది. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ ఆ పీడనాన్ని తగ్గించి, మన చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపోయేటట్లు గాలిని అందిస్తుంది.

బాయిలో ఈత నేర్చిన మనం ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇక్కడే ఉంది. మన దిక్కు నడుముకు బెండు కట్టి వ్యవసాయ బావుల్లోకి తోస్తే ఈత వచ్చినవాళ్ళమే ఎక్కువ. మనలో మొనగాడు ఎవడంటే, దమ్ము బిగబట్టి రెండు నిలువుల లోతుకు మునిగి అడుగు నుండి గుప్పెడు మట్టి తెచ్చినవాడు. స్కూబాలో ఆ మొనగాడితనమే ప్రాణం తీస్తుంది. నీటిలో ఉన్నంతసేపు ఒక్క క్షణం కూడా ఊపిరి బిగబట్టరాదన్నది స్కూబా మొదటి నియమం.

కారణం ఫిజిక్సు పుస్తకంలో చదివిన బాయిల్ నియమమే. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే నేల మీద ఒకటి ఉంటే 10 మీటర్ల లోతులో రెండు, 20 మీటర్ల లోతులో మూడు. బాయిలో మునిగేవాడు గట్టు మీద గాలి పీల్చి లోపలికి పోతాడు. లోతుకు పోయినకొద్దీ అతని ఊపిరితిత్తుల్లో గాలి కుంచించుకుంటుంది, పైకి వచ్చేసరికి మళ్ళీ మొదటి కొలతకు వస్తుంది. అంతకుమించి పెరగదు. స్కూబాలో మాత్రం గాలి పీల్చేదే లోతులో. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చి, దమ్ము బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపు కావాలి. ఊపిరితిత్తులు రెట్టింపు కాలేవు, చిరుగుతాయి. ఒకటి రెండు మీటర్ల లోతు నుండి వచ్చినా ఈ ప్రమాదం ఉంది. భయపడినప్పుడు దమ్ము బిగబట్టడం బాయి ఈతగాడికి చిన్ననాటి నుండి అలవాటు. అందుకే శిక్షకుడికి ముందే "మాది బాయి ఈత" అని చెప్పాలి. ఆయన లోతు తక్కువ నీటిలో మరో నాలుగుసార్లు ఊపిరి సాధన చేయిస్తాడు.

రెండో సంగతి గోళీ సోడాతో చెప్పవచ్చు. సోడా మూత బిగించి ఉన్నంతసేపు లోపలి గ్యాసు కనబడదు. గోళీ నొక్కగానే బుస్సుమని పొంగుతుంది. లోతులో మనం పీల్చే గాలిలోని నత్రజని కూడా అట్లాగే పీడనం వల్ల రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. గబగబా పైకి వస్తే బుడగలై కీళ్ళను, నరాలను దెబ్బతీస్తుంది. మెల్లగా వస్తే ఊపిరితో పాటు బయటికి పోతుంది. నిమిషానికి 9 మీటర్లకు మించి పైకి రాకూడదని నేర్పుతారు.

ప్రయాణం ప్లాను వేసేటప్పుడు చాలామంది పట్టించుకోనిది కూడా ఈ నత్రజనినే. విమానం లోపల గాలి పీడనం నేల మీద కంటే తక్కువ. డైవింగ్ చేసి వెంటనే విమానం ఎక్కితే మిగిలిన నత్రజని ఆకాశంలో బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే కనీసం 18 గంటలు ఆగాలి. ఒక పూర్తి రోజు వదిలేయడమే మేలని మా అభిప్రాయం. కనుక డైవింగ్ ముందు, సెల్యులార్ జైలు తర్వాత అని పెట్టుకోవాలి. పోగానే హావ్‌లాక్ దీవికి చేరి రెండు ఉదయాలు డైవింగ్‌కు ఉంచుకోండి, ఒకరోజు గాలివాన వస్తే రెండోది ఉంటుంది. తర్వాత పోర్ట్‌బ్లెయిర్‌కు తిరిగివచ్చి 1906లో కట్టడం పూర్తయిన జైలు, మ్యూజియాలు చూసి, మరుసటి రోజు విమానం ఎక్కాలి. ఓడలో తిరిగివచ్చేవారికి ఈ గొడవే లేదు. చవక ప్రయాణం ఒంటికి కూడా మంచిదైన సందర్భాలు తక్కువ, ఇది అందులో ఒకటి!

ఊళ్ళ పేర్లు మారిన సంగతి కూడా తెలిసి ఉండాలి. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్, నీల్‌ను షహీద్ ద్వీప్ అన్నారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. టికెట్ల మీద ఏ పేరైనా ఉండవచ్చు, కంగారుపడనక్కరలేదు.

పోవడానికి రెండు దారులు. నల్లగొండ స్టేషన్‌లో ఎక్కితే విశాఖపట్నానికి, చెన్నైకి రెండింటికీ నేరుగా రైళ్ళున్నాయి. రెండు రేవుల నుండీ అండమాన్‌కు ప్రభుత్వ ఓడలున్నాయి, సుమారు రెండున్నర రోజుల ప్రయాణం. బంక్ క్లాసు అన్నిటికంటే చవక. విశాఖ ఓడలు తక్కువ, ముందుగా తేదీలు తెలుసుకుని సెలవులు పెట్టుకోవాలి. చెన్నై నుండి విమానమైతే రెండు గంటల పైచిలుకు. పోర్ట్‌బ్లెయిర్ నుండి హావ్‌లాక్‌కు ప్రభుత్వ ఫెర్రీలో రెండున్నర గంటలు పడుతుంది, ప్రైవేటు బోట్లు తొందరగా పోతాయి కానీ రేటెక్కువ. డిసెంబరు నుండి ఏప్రిల్ దాకా నీళ్ళు తేటగా ఉంటాయి. మే చివర నుండి వానలు, అలలు. అక్కడ పొద్దు మనకంటే దాదాపు గంట ముందు పొడుస్తుంది, అంత ముందే కుంకుతుంది. అందుకని డైవింగ్ పొద్దున్నే మొదలుపెడతారు.

డబ్బు విషయం. ఈత రానివారు కూడా శిక్షకుడి చేయి పట్టుకుని ఒక్కసారి దిగి చూడవచ్చు. పదేళ్ళు నిండాలి, 12 మీటర్లు దాటనివ్వరు. దీనికి సుమారు 4,000 నుండి 6,000 రూపాయలు అవుతుంది. ఓపెన్ వాటర్ కోర్సు అయితే మూడు నాలుగు రోజులు, 30,000కు అటూ ఇటూ. అది చేస్తే 18 మీటర్ల దాకా తోడు మనిషితో దిగే సర్టిఫికెట్ వస్తుంది. మా సలహా: మొదటిసారి కోర్సు వద్దు, ఒక్క డైవ్ చాలు. గది చవకది చూసుకోండి కానీ డైవింగ్ దగ్గర బేరమాడి తక్కువకు వచ్చినవాడి వెంట పోవద్దు. ఒక శిక్షకుడు ఎంతమందిని తీసుకుపోతాడని అడగండి. మొదటిసారి దిగేవారికి మనిషికొక శిక్షకుడు ఉంటేనే సరే అనండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న అన్నలు ఎల్‌టీసీ గురించి తమ ఆఫీసులో అడిగితే ప్రయాణ ఖర్చు కలిసివస్తుంది.

దిగేముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపమంటారు. ఉబ్బసం, ఫిట్స్, గుండెజబ్బు, చెవిలో చీము ఉంటే దాచకూడదు. ముందే ఇక్కడి డాక్టరుకు చూపించుకుని పోవాలి. జలుబు ఉన్న రోజు అసలు దిగవద్దు, కట్టిన డబ్బు పోయినా సరే. రెండు మూడు మీటర్లు దిగేసరికి చెవుల్లో నొప్పి మొదలవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవులు తెరుచుకుంటాయి. నొప్పి రాకముందే ఊదుతూ దిగాలి. జలుబులో ఆ దారి మూసుకుపోయి ఉంటుంది, కర్ణభేరి పగలవచ్చు.

నీళ్ళలో మాట ఉండదు, చేతి సైగలే. మనం బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కదా, అక్కడ దాని అర్థం "పైకి పోదాం" అని! మాలో ఒకడు సంతోషం పట్టలేక బొటనవేలు ఎత్తబోతే శిక్షకుడు పైకి తీసుకుపోవడానికి సిద్ధమయ్యాడు. బాగుందని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. పగడాలను ముట్టుకోవద్దు. అవి రాళ్ళు కావు, ప్రాణులు. చచ్చిన పగడం ముక్క సంచిలో వేసుకున్నా 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమే.

భాష గురించి బెంగపడనక్కరలేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది తెలుగువాళ్ళే. ఉత్తరాంధ్ర నుండి పోయి స్థిరపడినవారు ఎక్కువ. పోర్ట్‌బ్లెయిర్ బజారులో మా మాట విని "ఏ ఊరు బాబూ" అని అడిగినవారు ఉన్నారు. నల్లగొండ అంటే "చాలా దూరం నుంచొచ్చారే" అన్నారు. మనవాళ్ళు ఉన్నారని ధీమాతో జరావా, సెంటినల్ ఆదివాసుల ప్రాంతాల వైపు పోదామని ఎవరైనా అంటే మాత్రం వినవద్దు. అది చట్ట విరుద్ధం, వారికి మన జబ్బులు సోకితే తట్టుకునే శక్తి కూడా లేదు.

మన ఊళ్ళలో ఆడపిల్లలను బాయిలోకి దిగనిచ్చేవారు తక్కువ. మీ అక్కచెల్లెళ్ళను కూడా ఈ లెక్కలో వేసుకోండి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే, వారు కొండలెక్కడం నేర్చుకున్నది మన పక్కనున్న భువనగిరి గుట్ట మీదనే.

కోర్సు చేయదలచినవారికి ఈత పరీక్ష ఉంటుంది. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, తర్వాత పది నిమిషాలు నీటి మీద తేలాలి. వేగంతో పనిలేదు. పది మీటర్ల వెడల్పు బాయిలో గట్టు వెంబడి ఏడు చుట్లు తిరిగితే ఇంచుమించు 200 మీటర్లు అవుతుంది. మెట్లున్న బాయి చూసుకుని, గట్టు మీద ఈత వచ్చిన పెద్దమనిషిని నిలబెట్టి ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు. ఒంటరిగా మాత్రం దిగకండి.